పంచాయతి కార్యాలయమందలి కంప్యూటరు త్వరితముగ ఆరంభమగుట ఎట్లు?

గ్రామ పరిపాలనమున దస్తరమునకు గల స్థానము నేడు కంప్యూటరునకు గూడ కలిగినది. మన రాష్ట్రమున గ్రామ సచివాలయ వ్యవస్థ 2019 అక్టోబరు 2వ తేదీన ఆరంభమైనది. 2020 ఏప్రిల్ 24వ తేదీన, జాతీయ పంచాయతి రాజ్ దినమున, ఇ-గ్రామ్ స్వరాజ్ ప్రవేశపెట్టబడినది. పంచాయతి ప్రణాళికలును, జమాఖర్చులును ఆ మార్గమున నమోదగుచున్నవి. ఇట్టి స్థితిలో ఉదయము తలుపు తెరచిన పిమ్మట కంప్యూటరు సిద్ధమగుటకు 10 నిమిషములు పట్టినచో ఆ నష్టము ఎవరిది? ధ్రువపత్రము కొరకు కూలి మానుకొని వచ్చి అరుగుపై కూర్చున్న వానిది. దినమునకు 10 మంది చొప్పున వేచియుండినచో 100 నిమిషములు. నెలకు 25 పనిదినములని లెక్కించినచో 2,500 నిమిషములు, అనగా 41 గంటలకు పైగా ప్రజల కాలము వ్యర్థమగును.

నంద్యాల 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లా కేంద్రమైనది. ఆళ్లగడ్డ నుండి నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్లు. ఆళ్లగడ్డ పరిసర గ్రామములవారు యంత్రమును బాగుచేయించుటకై నంద్యాలకు కొనిపోవలసివచ్చినచో ఒక దినము పోవును. కావున లోపమెచట నున్నదో ముందుగ గుర్తించుట మేలు. "ఇది పాతబడినది, క్రొత్తది కొనవలెను" అని తీర్మానించుటకు పూర్వము సభ్యులు తెలిసికొనదగిన విషయములను మేము ఇచట వివరింతుము. ఇండ్లలో పిల్లల చదువునకై యుంచుకొనిన కంప్యూటర్లకు గూడ ఇవి వర్తించును.

ఆరంభమున జరుగు పనులు

కర్నూలు-కడప కాలువ సుంకేసుల వద్ద తుంగభద్ర నుండి బయలుదేరి నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల మీదుగ కడప వైపునకు సాగును. తలుపెత్తిన వెంటనే చివరి పొలమునకు నీరు చేరదు. ప్రధాన కాలువ, పిల్లకాలువ, పంట బోదె యను క్రమమున పోవలెను. ఎచట పూడిక యున్నను నీరు అచటనే ఆలస్యమగును. కంప్యూటరు ఆరంభము గూడ ఇట్టిదే.

మీట నొక్కిన వెంటనే యంత్రములోని చిన్న మూల కార్యక్రమము మేల్కొని జ్ఞాపకశక్తి, డిస్కు, మీటలపలక మున్నగువానిని పరీక్షించును. ఇది మొదటి దశ. పిదప డిస్కునుండి విండోస్ వంటి నిర్వాహక వ్యవస్థను చదివి లోనికి తెచ్చుకొనును. ఇది రెండవ దశ. రహస్యపదమిచ్చిన తరువాత, తమంతట తాము ఆరంభమగు ఇతర కార్యక్రమములు ఒకదానివెంట నొకటి లేచును. ఇది మూడవ దశ.

గడియారముతో కొలత

రోగము తెలియక ఔషధమిచ్చుట తగదు. చేతి గడియారము తీసికొని మూడు కాలములను కాగితముపై వ్రాయవలెను: మీట నొక్కినది మొదలు విండోస్ గుర్తు కనబడువరకు ఒకటి, అచట నుండి రహస్యపదము అడుగువరకు రెండవది, రహస్యపదమిచ్చినది మొదలు ఆటంకము లేక పని చేయగలుగువరకు మూడవది. ఇట్లు మూడు దినములు వ్రాసినచో ఆలస్యమే దశలోనిదో తేటపడును.

మొదటి దశ దీర్ఘమైనచో, పెన్‌డ్రైవులు మున్నగునవి తగిలించి యుంచిరేమో చూడవలెను. కొన్ని యంత్రములు వానిని గూడ వెదకి కాలము పుచ్చును. తేదీ తప్పుగ కనబడుచు, ఆరంభమున ఏదో ఒక మీట నొక్కుమని అడుగుచున్నచో, లోపలి నాణెమువంటి బ్యాటరీ నిర్వీర్యమైనదని సాధారణముగ గ్రహింపవచ్చును. దానిని మార్చుట స్వల్ప వ్యయముతో కూడిన పని. తేదీ తప్పినచో సురక్షితమైన ప్రభుత్వ వెబ్‌సైట్లు తెరచుకొనక పోవుటయు కలదు.

ఖర్చు లేని పనులు

మూడవ దశ దీర్ఘమైనచో తమంతట తాము లేచు కార్యక్రమములను తగ్గింపవలెను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను ఒక్కసారి నొక్కినచో టాస్క్ మేనేజర్ తెరచుకొనును. అందు స్టార్టప్ అను భాగమున ఆ కార్యక్రమముల పట్టిక యుండును. అవసరము లేనివానిని అచట నిలిపివేయవచ్చును. నిలిపివేసిన మాత్రమున అవి తొలగిపోవు. కావలసినపుడు మనమే తెరచుకొనవచ్చును.

ఇచట ఒక హెచ్చరిక. డిజిటల్ సంతకపు పరికరమునకును, వేలిముద్ర పరికరమునకును, వైరస్ నిరోధమునకును సంబంధించిన కార్యక్రమములను నిలుపరాదు. అట్లు నిలిపినచో కంప్యూటరు ఒక నిమిషము ముందు లేచినను, వేలిముద్ర పడక ముసలివారు రిక్తహస్తములతో మరలిపోవలసివచ్చును. ఏది ఏమిటో తెలియనిచో డిజిటల్ అసిస్టెంటును విచారించి, ఒక్కొక్కటిగ నిలిపి, మరల కొలిచి చూడవలెను. ఒకే యంత్రమున రెండు వైరస్ నిరోధక కార్యక్రమములున్నచో ఒకటి చాలును.

మరియొక విషయము పలువురకు తెలియదు. విండోస్ 8 మొదలు వచ్చిన శీఘ్రారంభ పద్ధతిలో, షట్‌డౌన్ చేసినపుడు వ్యవస్థలోని కొంత భాగము డిస్కుపై భద్రపరచబడి మరునాడు అదే తిరిగి తేబడును. ఆరంభము త్వరితమగును గాని పాత చిక్కులు గూడ వెంట వచ్చును. కావున వారమునకొకసారి రీస్టార్ట్ చేసినచో వ్యవస్థ సంపూర్ణముగ క్రొత్తగ ఆరంభమగును.

డిస్కు మార్పు

రెండవ దశ దీర్ఘమైనచో తరచుగ కారణము పాత పద్ధతి డిస్కు. అందు పళ్లెములు నిమిషమునకు 5,400 లేక 7,200 సార్లు తిరుగుచుండును. ఒక సూది వంటి చేయి ముందు వెనుకలకు కదలి సమాచారమును వెదకును. ఒక్కొక్క వెదకులాటకు సెకనులో వందవ వంతు లేక అంతకు కొంచెమెక్కువ పట్టును. ఎస్.ఎస్.డి. యను క్రొత్త పద్ధతి డిస్కులో తిరుగు భాగములే లేవు. అదే పనికి సెకనులో పదివేలవ వంతు చాలును. ఆరంభమున పదివేల చిన్న చదువులు అవసరమనుకొందము. పాత డిస్కునకు 100 సెకనులు పట్టును. క్రొత్తదానికి ఒక్క సెకను. ఇతర పనులకు పట్టు కాలము వేరుగ నున్నను, పాత యంత్రమునకు ఇంతటి మేలు చేయు మార్పు మరియొకటి లేదు. మొత్తము కంప్యూటరు వెలతో పోల్చినచో దీని వ్యయము చాల తక్కువ.

జ్ఞాపకశక్తి 4 జీ.బీ. మాత్రమే యున్నచో దానిని 8 జీ.బీ.కి పెంచుట గూడ ఉపకరించును. జ్ఞాపకశక్తి చాలనపుడు యంత్రము డిస్కునే ఆశ్రయించి మందగించును.

అయితే ఒక హద్దు కలదు. విండోస్ 10 వ్యవస్థకు సాధారణ సహాయము 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. డిస్కు మార్చినను యంత్రము విండోస్ 11 స్వీకరింపజాలనిదైనచో, ప్రజల సమాచారమును, పంచాయతి ధనమును దానికి అప్పగించుట క్షేమకరము గాదు. కావున డిస్కు కొనుటకు ముందే ఈ సంగతి విచారింపవలెను.

దుమ్ము, ఎండ, విద్యుత్తు

మన ప్రాంతపు వేసవిలో వేడిమి 40 డిగ్రీలు దాటుట సామాన్యము. నల్లరేగడి దుమ్మును, ఆళ్లగడ్డ శిల్పులు రాయి చెక్కుచోట లేచు రాతిపొడియు యంత్రపు పంకాలో చేరినచో లోపలి వేడి బయటికి పోదు. వేడెక్కిన ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. విద్యుత్తును ఆపి, తీగ తీసి, మెత్తని కుంచెతో నెల కొకసారి దుమ్ము తుడువవలెను. యంత్రమును గోడకు ఆనించి యుంచరాదు.

విద్యుత్తు హఠాత్తుగ పోయినచో మరుసటి ఆరంభమున డిస్కు పరీక్ష జరిగి ఆలస్యమగుటయేగాక, దస్త్రములు చెడవచ్చును. చక్కని బ్యాటరీ గల యు.పి.ఎస్. ఉండుట అవసరము.

చేయరానివి

యంత్రమును శుభ్రము చేసి వేగమును పెంచెదమని చెప్పు ఉచిత కార్యక్రమములను చేర్చరాదు. అవియే తరచుగ క్రొత్త భారమగును. అమరికలలో ప్రాసెసర్ల సంఖ్యను నిర్దేశించినచో ఆరంభము వేగవంతమగునను మాట సరికాదు. వ్యవస్థ తనంతట తానే అన్నింటిని వాడుకొనును. దొంగప్రతి విండోస్ ఎంత మాత్రము తగదు.

సభ్యుల కర్తవ్యము

ప్రభుత్వము సరఫరా చేసిన యంత్రమును పై అధికారుల అనుమతి లేక విప్పరాదు. పంచాయతి సొంత నిధులతో కొన్నదానికి గూడ ముందుగ సమావేశమున చర్చించి, కొలతల కాగితమును ఎదుట నుంచుకొని, తీర్మానము చేయుట పద్ధతి. డిస్కు మార్చుటకు పూర్వము దస్త్రములన్నింటికి వేరొకచోట నకలు తీయించి, ఆ నకలు తెరచుకొనుచున్నదని స్వయముగ చూడవలెను. తీసివేసిన పాత డిస్కును దుకాణమున వదలి రారాదు. అందు గ్రామస్థుల ఆధార్ వివరములును, బ్యాంకు వివరములును ఉండును. దానిని కార్యాలయమున భద్రపరచి, ఆస్తుల జాబితాలో నమోదు చేయింపవలెను.

పని ముగిసిన పిమ్మట మరల గడియారముతో కొలిచి, మునుపటి కొలతల ప్రక్కన వ్రాసి కార్యదర్శికి ఒప్పగింపుడు. ఖర్చు చేసిన ధనమునకు ఫలమెంతయో ఆ రెండు వరుసలే చెప్పును. అరుగుపై వేచియుండు వారి కాలమును గూడ గ్రామపు ఆస్తిగ భావించి కాపాడుట పంచాయతి సభ్యుల విధి.