‘షుగర్ ఫ్రీ’తో పిల్లల్లో కొవ్వు తగ్గుతుందా?



పిల్లలు బరువు పెరుగుతున్నారనిపిస్తే చాలామంది చేసే మొదటి మార్పు, మామూలు కూల్‌డ్రింక్ మానిపించి ‘డైట్’ లేదా ‘జీరో’ సీసా కొనడం. దానివల్ల ఎంత ప్రయోజనమో చూద్దాం.

లెక్క ఇదీ
ఒక గ్రాము పంచదారలో 4 కేలరీలు ఉంటాయి. 300 మి.లీ. కోలాలో సుమారు 30 గ్రాముల పంచదార, అంటే 120 కేలరీలు. ఆస్పర్టేమ్ పంచదారకన్నా దాదాపు 200 రెట్లు, సుక్రలోజ్ దాదాపు 600 రెట్లు తియ్యన. అతి కొద్దిగా వేస్తే చాలు కాబట్టి కేలరీలు దాదాపు ఉండవు. కానీ ఇవి ఒంట్లోని కొవ్వును కరిగించవు. పంచదారతో వచ్చే కేలరీలు మాత్రమే తగ్గుతాయి.

పరిశోధన ఏం చెప్పింది?
నెదర్లాండ్స్‌లో 641 మంది పిల్లలపై చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. రోజుకు 250 మి.లీ. చొప్పున 18 నెలలపాటు కొందరికి పంచదార పానీయం, మిగతావారికి పంచదార లేని తీపి పానీయం ఇచ్చారు. మొదటి వర్గం సగటున 7.37 కిలోలు, రెండో వర్గం 6.35 కిలోలు పెరిగింది. రెండో వర్గంలో కొవ్వు కూడా తక్కువగా చేరింది. అయితే ఇక్కడ పోలిక పంచదారతోనే, మంచినీళ్లతో కాదు.

బరువు అదుపు కోసం ఇలాంటి స్వీటెనర్లను వాడవద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. దీర్ఘకాలంలో కొవ్వు తగ్గుతుందనడానికి ఆధారాలు కనిపించలేదని పేర్కొంది. ఇప్పటికే డయాబెటిస్ ఉన్నవారికి ఈ సూచన వర్తించదు.

లాభం ఎక్కడ పోతుంది?
‘డైట్ డ్రింకే కదా’ అని పక్కన ఒక చిప్స్ ప్యాకెట్ తింటే మిగిలిన కేలరీలు తిరిగి వచ్చేస్తాయి. షుగర్ ఫ్రీ బిస్కెట్‌లోనూ మైదా, నూనె ఉంటాయి. పైగా ప్రతిదీ తియ్యగా ఉండాలన్న అలవాటు పోదు.

ఇంట్లో ఇలా చేయండి
• దాహానికి మంచినీళ్లు, పలుచని మజ్జిగ ఇవ్వండి.
• పాలలో పంచదార వారానికి కొంచెం చొప్పున తగ్గించండి. బదులుగా బెల్లం వేసినా కేలరీలు దాదాపు అంతే.
• లేబుల్‌పై 950, 951, 955 అంకెలు ఉంటే అందులో స్వీటెనర్ ఉన్నట్టే.
• ఫినైల్‌కీటోన్యూరియా ఉన్న పిల్లలకు ఆస్పర్టేమ్ (951) ఇవ్వకూడదు.
• డయాబెటిస్ ఉన్న పిల్లల విషయంలో డాక్టర్ సలహా తీసుకోండి.

పంచదార బదులు మరో తీపి వెతకడం కన్నా, తక్కువ తీపికి పిల్లల నాలుకను అలవాటు చేయడమే మేలు.