గట్టిగా ఊదకు తల్లీ

హరిశ్చంద్రపురం,
మాఘ పౌర్ణమి.

చిరంజీవి చిట్టికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

మీ పెద్దమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది. మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పినా డాబా ఎక్కి వడియాలు పెడుతూనే ఉంది. ఆవిడ సంగతి నీకు తెలియనిదేముంది.

మొన్న జీడిపప్పు కోసం పలాస వెళ్తే, బస్టాండు దగ్గర మన టెక్కలి బంధువొకాయన పట్టుకున్నాడు. "ఏటి మాస్టారూ, మీ తమ్ముడి కూతురు ఉద్యోగం మానేసి అమెరికా తీర్థాల్లో మట్టి బూరలు ఊదుకుంటోందట గదా!" అన్నాడు. నలుగురూ వింటున్నారు. నాకు నోట మాట రాలేదు. ఇంటికొచ్చి మీ నాన్నకి ఫోన్ చేస్తే వాడు నవ్వుతాడే తప్ప సంగతి చెప్పడు. చిన్నప్పటినుంచీ అంతే వాడు. నీ ఉత్తరం ఫోన్లోకి వచ్చాక మీ అన్నయ్య చేత కాగితం మీద తీయించి, కళ్లజోడు పెట్టుకుని చదివాను. ఉద్యోగం ఉంది, ఇదంతా శని ఆదివారాల సరదా అని తెలిశాక గానీ ప్రాణం కుదుటపడలేదు. ఇంకోసారి ఇలాంటివి తలపెట్టినప్పుడు ముందు నాకు రాయి. టెక్కలి నుంచి వినాల్సిన అవసరం నాకేటి?

డల్లాస్‌కి దక్షిణాన వాక్సహాచీలో, 1981 నుంచి నడుస్తున్న స్కార్‌బరో ఉత్సవంలో ఎనిమిది మంది కలిసి ఆ మట్టి బూరలు, అదే ఓకరీనాలు, వాయించాలని మీ ఆలోచన. ఆ జనమంతా ఐదువందల ఏళ్ల కిందటి ఇంగ్లండు బట్టలేసుకుని తిరుగుతారని రాశావు. నవ్వలేదు నేను. సంబరంలో పగటివేషగాళ్ల వెనక ఊరంతా తిరిగినవాణ్ణి, నేనెందుకు నవ్వుతాను? పైగా ఈ రకం తీర్థాలని 1963లో లాస్ ఏంజెలిస్‌లో మొదలుపెట్టింది ఫిలిస్ ప్యాటర్సన్ అనే టీచరమ్మ అని తెలిసి, నాలాంటి రిటైర్డు మాస్టరు గౌరవించకుండా ఎలా ఉంటాడు?

అసలు విషయానికి వస్తాను. నువ్వు పంపిన రికార్డింగు విన్నాను. హార్మోనియం దగ్గర పెట్టుకుని మరీ విన్నాను. మొదట్లో అందరూ బాగానే కలిశారు. వెనక ఎవరో మాట్లాడుకోవడం మొదలయ్యేసరికి మీలో ఇద్దరో ముగ్గురో వాళ్ల మీద నెగ్గాలని గట్టిగా ఊదారు. అక్కడినుంచి శ్రుతి పైకి జారిపోయింది. మిగతావాళ్లు కిందే ఉండిపోయారు. అదేమో గదిలో పదిమంది మధ్య. రేపు ఆ తీర్థంలో గుర్రాల మీద బల్లేలతో పొడుచుకునే ఆట ఒక పక్క, దాని కేకలు ఒక పక్క, పిల్లల ఏడుపులు ఒక పక్క. అప్పుడు మీ ఎనిమిది మందీ ఏం చేస్తారో నాకు ఇక్కణ్ణించే వినిపిస్తోంది.

గట్టిగా ఊదకూడదు చిట్టీ. ఈ ఒక్క మాట మీ వాళ్లందరికీ చెప్పు. గుర్తుండకపోతే చేతి మీద రాసుకోమను.

ఎందుకో వివరంగా చెబుతాను, మాస్టారి బుద్ధి ఎక్కడికి పోతుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే బూమ్మంటుంది చూశావూ, ఓకరీనాది ఆ జాతి. ధ్వని పాఠం చెప్పే రోజు నేను బల్ల మీద సీసాలు వరసగా పెట్టి, ఒక్కోదాన్లో ఒక్కో ఎత్తు నీళ్లు పోసి పిల్లల చేత ఊదించేవాణ్ణి. పక్క క్లాసు టీచరు వచ్చి తలుపు కొట్టేదాకా సాగేది. పిల్లనగ్రోవిలో గాలి గొట్టం పొడవును బట్టి పలుకుతుంది, గట్టిగా ఊదితే పైస్థాయికి దూకుతుంది. ఓకరీనాకి ఆ దూకుడు లేదు. అది అన్ని వైపులా మూసిన గుల్ల. లోపల ఖాళీ ఎంత, తెరిచిన రంధ్రాల వైశాల్యం మొత్తం ఎంత అన్న లెక్క మీదే దాని స్వరం ఆధారపడుతుంది. ఏ రంధ్రం ఎక్కడుందన్నది దానికి పెద్దగా పట్టదు. ఇలాంటి గుల్లల లెక్కని 19వ శతాబ్దంలో హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు తేల్చాడు. దీన్ని గట్టిగా ఊదితే చప్పుడు కాస్తే పెరుగుతుంది, స్వరం మాత్రం పక్కకి పోతుంది. అంటే జనానికి వినిపించాలని ఊదిన ఊపిరంతా అపశ్రుతి కిందే ఖర్చవుతుంది. కింది సా పలకాలంటే పసిపిల్ల కంట్లో నలుసు ఊదినంత ఊపిరి చాలు. పైకి వెళ్లేకొద్దీ కొలతగా పెంచాలి. ఆ కొలత ఎనిమిది మందికీ ఒకటై ఉండాలి.

మన ఊళ్లో సంబరానికి నాటకం వేస్తే పందిరి రైలుకట్టకి దగ్గర్లోనే పడేది. ఊరి పేరే హరిశ్చంద్రపురమైనప్పుడు సత్యహరిశ్చంద్ర తప్ప ఇంకో నాటకం ఆడనిస్తారా ఎవరైనా! హార్మోనియం నేనే. కాటిసీను వచ్చేసరికి అర్ధరాత్రి దాటేది, సరిగ్గా అప్పుడే కోటబొమ్మాళి వైపు నుంచి గూడ్సు వచ్చేది. కొత్త కుర్రాళ్లు రైలు మీద నెగ్గాలని అరిచేవాళ్లు. రైలు పోయాక చూస్తే గొంతు ఒక శ్రుతిలో, నా హార్మోనియం ఇంకో శ్రుతిలో. విజయనగరం వైపు నుంచి వచ్చే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఆయన కూత వినగానే ఎత్తుకున్న రాగం ఎక్కడికక్కడ ఆపి, కర్ర భుజాన వేసుకుని, నిజంగా కాటికాపరి లాగే రైలు వైపు చూస్తూ నిలబడిపోయేవాడు. నేను సా, పా నొక్కిపట్టి తిత్తి ఊపుతూ ఉండేవాణ్ణి. ఒక్కో పెట్టే దడదడమని పోతుంటే జనం కూడా ఆయనతో పాటు లెక్కపెట్టేవాళ్లు. చివరి పెట్టె దాటాక, ఆగిన అక్షరం దగ్గరే, ఆగిన శ్రుతిలోనే ఎత్తుకునేవాడు. వన్స్‌మోర్ అని పందిరి లేచిపోయేది. చదివింపుల రూపాయలు నా హార్మోనియం మీద పడుతుంటే ఇచ్చినవాళ్ల పేర్లు చదవలేక నా గొంతు పోయేది. ఆ రోజుల్లో మీ నాన్న పందిరి రాటకి ఆనుకుని నిద్రపోయేవాడు. వాణ్ణి భుజాన వేసుకుని ఇంటికి తెచ్చేది నేనే. ఇప్పుడు పెద్దవాడైపోయి నా ఫోన్‌కి నవ్వుతాడు.

కాబట్టి గుర్రాలాట కేకలొస్తే పోటీ పడకండి. ఆపండి. బేసు ఓకరీనాలు వాయించేవాళ్లని సా మీద నిలబడమను. మిగతావాళ్లు గుర్రాల వైపు చూస్తూ నిలబడండి, వేషంలోనే. కేకలు తగ్గాక ఎత్తుకోండి. పెద్ద వేదిక ఇస్తామన్నా తీసుకోకు. ఏదైనా చెట్టు కిందో, వెనక గోడ ఉన్న చోటో అడుగు. ఎనిమిది మందీ అర్ధచంద్రంలా, ఒకరి ముఖం ఒకరికి కనిపించేలా నిలబడండి. తప్పెటగుళ్ల వాళ్లని చూశావు కదా, రొమ్ము మీద తప్పెట వాయిస్తూ గెంతుతున్నా అందరి కళ్లూ ముందువాడి మీదే ఉంటాయి. వినాలనుకున్నవాళ్లు దగ్గరకొచ్చి వింటారు.

ఇంకో సంగతి. మే నెలలో ఆ టెక్సాస్ ఎండ మన రోహిణికార్తె లాంటిదే అంటాడు మీ నాన్న. గాలి 10 డిగ్రీలు వేడెక్కితే ఓకరీనా శ్రుతి అర స్వరంలో దాదాపు మూడోవంతు పైకెళ్తుంది. అందరివీ కలిసి వేడెక్కితే ఫరవాలేదు. ఒకరిది ఏసీ కారులోంచి అప్పుడే తీసి, ఇంకొకరిది ఎండలో బల్ల మీద ఉండి, మరొకరిది ప్లాస్టిక్‌దైతే ఏ దేవుడూ కలపలేడు. మొదలెట్టడానికి చాలా ముందే అన్నీ నీడలో ఒకేచోట పెట్టి, అందరూ ఒక్కొక్క స్వరం పట్టి సరిచూసుకోండి. ఊదేటప్పుడు నోటి ఆవిరి గాలిదారిలో చేరి చప్పుడు బొంగురుపోతుంది. పలచటి కాగితం ముక్క దూర్చి తడి తీసేయాలి. జేబులో పెట్టుకో. పండగలో అందరూ టర్కీ కోడికాలు పట్టుకుని తిరుగుతారట, షర్బత్తులు తాగుతారట. వాయించేదాకా ఎవరూ ముట్టకూడదు, నీళ్లతో పుక్కిలించాకే నోట్లో పెట్టుకోవాలి. మీ పెద్దమ్మ వేయించి, ఉప్పూ మిరియాలూ వేసి జీడిపప్పు పార్సెల్ చేస్తోంది. అదీ వాయించాకే. పప్పు నలుసు గాలిదారిలో పడిందంటే ఆ పూట ఆ ఓకరీనా మూగదే.

నువ్వు చిన్నప్పుడు కొబ్బరాకు బూర చేసిమ్మని ఉద్దానంలో మీ అమ్మమ్మ వాళ్ల తోటంతా నా చుట్టూ తిరిగేదానివి. ఎంత గట్టిగా ఊదేదానివో! బుగ్గలు ఎర్రబడి కళ్లలో నీళ్లొచ్చేవి. ఆ తోటలో చెట్లు 2018లో తిత్లీ తుపానుకి పడిపోయినప్పుడు నువ్వు ఫోన్లో ఏడ్చావు. మళ్లీ నాటినవి ఎదుగుతున్నాయి. ఈసారి వచ్చినప్పుడు చూద్దువుగాని.

ఏ పాటలు వాయించాలో అడిగావు. అక్కడివాళ్లు ఎదురుచూసేవి ఒకటి రెండు ఎలాగూ ఉండాలి. 1580లో లండన్‌లో నమోదైన గ్రీన్‌స్లీవ్స్ వాయిస్తే అందరూ తలలూపుతారు. కానీ ఆ పండగ కాలం ఒక్క ఇంగ్లండుదేనా? ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ గద్దెనెక్కింది 1509లో. మన శ్రీకృష్ణదేవరాయలు గద్దెనెక్కిందీ 1509లోనే. కళింగం మీదికి వచ్చి 1516లో సింహాచలంలో శాసనం వేయించాడు. పురందరదాసు 1484లో పుట్టి 1564లో పోయాడు. నీకు మొట్టమొదట నేర్పిన మలహరి గీతం ఆయనదే కదా! ఐదువందల ఏళ్ల నాటి సంగీతం నీ నాలుక మీద ఉండగా వెతుకులాట దేనికి?

నేను కూర్చుని లెక్క చూశాను. పది రంధ్రాల ఓకరీనా ఒకటి శ్రుతిదైతే కింది సా నుంచి పై మా దాకా పలుకుతుంది. గీతానికి సా అక్కడ పెట్టుకోకు, మూడు శ్రుతిలో పెట్టుకో. హార్మోనియం మీద చూడు, మలహరిలో గాంధారం ఒక్కటే నల్లమెట్టు మీద పడుతుంది, మిగతావన్నీ తెల్లమెట్లే. వేళ్ల తిప్పలు తగ్గుతాయి. గీతంలో అన్నిటికన్నా పైనున్న రిషభం సరిగ్గా ఓకరీనా చివరి స్వరం దగ్గర ఆగుతుంది. అక్కడ కాస్త కీచుమంటుంది, అందుకని ఆ రిషభం దగ్గర ఇద్దరే వాయించండి. ఎనిమిది మందీ ఒకే వరస వాయించాలన్న నీ ఆలోచన నాకు నచ్చలేదు. నలుగురు పాట మీద, ఇద్దరు నడిమి స్థాయిలో బదులిస్తూ, బేసులు రెండూ తంబూరాలా సా మీద. ఆ బేసు ఇద్దరూ ఒకేసారి ఊపిరి తీసుకోకూడదు. ఒకరు తీసుకుంటుంటే ఒకరు నిలబెట్టాలి. ఇటలీలో బుద్రియో అనే ఊరివాళ్లు ఏడు సైజుల ఓకరీనాలతో ఏడుగురు కూర్చుని రోసినీ, వెర్దీ పాటలు ఇలా పంచుకునే వాయిస్తారు.

ఆ ఊరి పేరు వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. జనానికి అబద్ధం చెప్పొద్దు. ఈ పది రంధ్రాల ఓకరీనాని బుద్రియోలోనే 1853లో జుసెప్పే దొనాతి అనే పదిహేడేళ్ల కుర్రాడు చేశాడు. హెన్రీ చూసి ఉండడు. ఆ కాలానిదే కావాలంటే పశువుల కొమ్ముతో చేసే గెమ్స్‌హార్న్ ఉంది, 1511లో విర్దుంగ్ అచ్చు వేయించిన పుస్తకంలో దాని బొమ్మ ఉంది. ఎవరైనా పెద్దమనిషి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు. మట్టి ఈల మాత్రం ఎవరి సొత్తూ కాదని కూడా చెప్పు. హరప్పా తవ్వకాల్లో పిట్ట ఆకారం మట్టి ఈలలు దొరికాయి. తీర్థంలో నీకు నేను కొనిచ్చిన మట్టి పీక ఆ వంశానిదే. అది ఇంటికొచ్చేలోపే విరగ్గొట్టావు. ఈ ఓకరీనాలన్నా మెడలో తాడుకి కట్టుకోండి, అదనంగా ఒకటి సంచిలో ఉంచండి. మీలో సగం మంది 1998 నాటి జెల్డా వీడియోగేమ్ చూసి దీంట్లోకి దిగారని రాశావు. ఎలా దిగితేనేం, తాడు కట్టుకోమను.

మీలో ఇద్దరు మాట్లాడుకోవడం లేదన్నావు. వాళ్లని పక్కపక్కన నిలబెట్టు, ఆ బేసులు వాళ్లకే ఇవ్వు. ఊపిరి వంతులు చూసుకోవాలంటే ఒకరి మొహం ఒకరు చూసుకోక తప్పదు. చివర్లో టోపీ తిప్పితే వచ్చే డబ్బు లెక్క అదే రోజు, అందరి ముందూ తేల్చెయ్యి. నాటకాల్లో కొట్లాటలన్నీ చదివింపుల దగ్గరే మొదలయ్యేవి.

ఎండలో ఆ బరువు గౌన్లు వేసుకుని తిరిగేటప్పుడు మజ్జిగ తాగు. రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోన్ చెయ్యి, మేం మేలుకునే ఉంటాం. కొత్త రికార్డింగు పంపించు. గట్టిగా ఊదారంటే నాకు వెంటనే తెలిసిపోతుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న

తా.క. బేసు వాయించే ఆ గుంటూరు కుర్రాడి సంగతి ఉత్తరంలో మూడు చోట్ల రాశావు. ఇంటిపేరేమిటని మీ పెద్దమ్మ అడుగుతోంది. నేను కాదు.