ఐకాన్ వెతకడం నుంచి గిట్ ఫోర్స్ పుష్ దాకా: డెవలపర్‌గా నేను చేసిన తప్పులు, నేర్చుకున్న పాఠాలు

ఒక యాప్ ఎంత ఫాస్ట్‌గా ఉంది, బ్యాటరీ ఎంత తింటోంది అని మనం ఇక్కడ తరచూ మాట్లాడుకుంటాం. ఈరోజు ఆ యాప్ తయారుచేసే వాళ్ల వైపు నుంచి చూద్దాం. నేను బీటెక్ అయ్యాక ఒక చిన్న కంపెనీలో ఆండ్రాయిడ్ డెవలపర్‌గా చేరాను. కాలేజీలో అల్గారిదమ్స్ చెప్పారు, డేటా స్ట్రక్చర్స్ చెప్పారు. కానీ ఒక ఐకాన్ కోసం ఒక పూటంతా పోతుందని, ఒక్క తప్పు కమాండ్‌తో పక్కవాళ్ల మూడు రోజుల పని మాయమైపోతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. అవి రెండూ నాకు జరిగాయి. ఇప్పుడిప్పుడే కోడింగ్ మొదలుపెట్టిన వాళ్లకి ఉపయోగపడుతుందని రాస్తున్నా.

చిన్న గమనిక: కమాండ్స్‌ని తెలుగు అక్షరాల్లో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీష్‌లోనే కొట్టాలి.

1. ఐకాన్ దొరకడం తేలిక, వాడుకునే హక్కు ఉందో లేదో తెలుసుకోవడం కష్టం

నా మొదటి ప్రాజెక్ట్ ఒక కిరాణా డెలివరీ యాప్. బుట్ట ఐకాన్, బండి ఐకాన్, రూపాయి ఐకాన్ ఇలా సుమారు నలభై కావాలి. నేనేం చేశానంటే, ఇమేజ్ సెర్చ్‌లో కొట్టి, బాగున్నవి డౌన్‌లోడ్ చేసి పెట్టేశా. రిలీజ్‌కి రెండు రోజుల ముందు మా లీడ్ ఒకే ప్రశ్న అడిగారు: "ఇవి ఎక్కడివి? లైసెన్స్ ఏంటి?" నా దగ్గర సమాధానం లేదు. సగానికి పైగా ఐకాన్స్ ఎక్కడి నుంచి తెచ్చానో నాకే గుర్తులేదు. రెండు రాత్రులు కూర్చుని అన్నీ మార్చాల్సి వచ్చింది.

అప్పుడు నేర్చుకున్నది ఇదీ. ఇంటర్నెట్‌లో ఫ్రీగా డౌన్‌లోడ్ అవుతోంది అంటే మన యాప్‌లో పెట్టుకోవచ్చని కాదు. లైసెన్స్ చూడాలి. మామూలుగా మనకి ఎదురయ్యేవి ఇవే:

• అపాచీ 2.0: గూగుల్ మెటీరియల్ ఐకాన్స్ దీని కింద వస్తాయి. కమర్షియల్ యాప్‌లో కూడా వాడుకోవచ్చు.
• ఎంఐటీ: ఫెదర్ ఐకాన్స్ లాంటివి. వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. లైసెన్స్ నోటీసు మాత్రం ఉంచాలి.
• సీసీ బై 4.0: ఫాంట్ ఆసమ్ ఫ్రీ ఐకాన్స్ ఇందులో ఉంటాయి. వాడుకోవచ్చు కానీ తయారుచేసిన వాళ్లకి క్రెడిట్ ఇవ్వాలి.
• పేరులో ఎన్‌సీ అని ఉంటే వ్యాపారానికి వాడకూడదు. ఎన్‌డీ అని ఉంటే మార్చిన రూపాన్ని పంచకూడదు. అంటే రంగు మార్చి యాప్‌లో పెట్టే ముందు ఆగి ఆలోచించాలి.

ఇంకొకటి, కంపెనీల లోగోలు వేరే సంగతి. ఐకాన్ ప్యాక్‌లో ఒక బ్రాండ్ లోగో ఉన్నా ఆ ట్రేడ్‌మార్క్ ఆ కంపెనీదే. వాళ్ల రూల్స్ చూసే వాడాలి.

ఇప్పుడు ప్రతి ప్రాజెక్ట్‌లో ఒక టెక్స్ట్ ఫైల్ పెడుతున్నా. ఐకాన్ పేరు, ఎక్కడి నుంచి తెచ్చాం, ఏ లైసెన్స్, ఏ తేదీ. ఒక్కో ఐకాన్‌కి అర నిమిషం పడుతుంది. ఆ రెండు రాత్రులతో పోలిస్తే అది ఏమీ కాదు.

ఐకాన్ దొరికాక సైజుల గొడవ మొదలవుతుంది. ఆండ్రాయిడ్ లాంచర్ ఐకాన్ పాత పద్ధతిలో 48, 72, 96, 144, 192 పిక్సెల్స్‌లో అయిదు సైజులు కావాలి. ప్లే స్టోర్‌కి విడిగా 512 పిక్సెల్స్ ఒకటి. మీ ఫోన్లో కొన్ని పాత యాప్స్ ఐకాన్ చిన్నదైపోయి, చుట్టూ తెల్లని గుండ్రం కనిపిస్తుంది, గమనించారా? ఆండ్రాయిడ్ 8 నుంచి వచ్చిన అడాప్టివ్ ఐకాన్‌కి ఆ డెవలపర్ మారలేదన్నమాట. అడాప్టివ్ ఐకాన్‌లో ముందు లేయర్, వెనక లేయర్ రెండుంటాయి. ఒక్కోటి 108 డీపీ. ఒక ఫోన్ గుండ్రంగా కోస్తుంది, ఇంకో ఫోన్ మూలలు వంచిన చదరంగా కోస్తుంది. అందుకే మన లోగో మధ్యలో ఉన్న 66 డీపీ లోపలే ఉండాలి. నేను మొదటిసారి లోగోని అంచుల దాకా సాగదీసి పెట్టా. క్లయింట్ ఫోన్లో షాపు పేరులో మొదటి అక్షరం, చివరి అక్షరం రెండూ ఎగిరిపోయాయి!

2. "నా లాప్‌టాప్‌లో వస్తోంది, సర్వర్‌లో రావట్లేదు"

అదే ప్రాజెక్ట్‌కి ఒక అడ్మిన్ వెబ్‌సైట్ కూడా చేశాం. నా విండోస్ లాప్‌టాప్‌లో అన్ని ఐకాన్స్ కనిపిస్తున్నాయి. సర్వర్‌లో పెట్టగానే హోమ్ ఐకాన్ మాయం. మూడు గంటలు పాత్ చూశా, క్యాష్ క్లియర్ చేశా, బ్రౌజర్ మార్చా. చివరికి తేలింది ఏంటంటే, ఫైల్ పేరులో మొదటి అక్షరం క్యాపిటల్, కోడ్‌లో స్మాల్. విండోస్ మామూలుగా ఈ రెండిటినీ ఒకటే అనుకుంటుంది. లైనక్స్ సర్వర్‌కి అవి రెండు వేర్వేరు ఫైల్స్.

సరే అని ఫైల్ పేరు మార్చి పుష్ చేశా. అయినా రాలేదు. ఎందుకంటే విండోస్‌లో క్యాపిటల్, స్మాల్ మాత్రమే మారిస్తే గిట్ ఆ మార్పును గుర్తించదు. గిట్ ఎమ్‌వీ కమాండ్‌తో పేరు మారిస్తే రికార్డ్ అవుతుంది. అప్పటి నుంచి ఐకాన్ ఫైల్స్ పేర్లన్నీ స్మాల్ లెటర్స్‌లోనే పెడుతున్నా, స్పేస్‌లు అసలు పెట్టను.

3. ఆ ఫోర్స్ పుష్

ఇక అసలు విషయం. బీటెక్ ఫైనల్ ఇయర్‌లో మా వెర్షన్ కంట్రోల్ అంటే జిప్ ఫైల్సే. "ఫైనల్", "ఫైనల్ 2", "ఇదే ఫైనల్" అని పెన్‌డ్రైవ్ నిండా ఉండేవి. ఉద్యోగంలో చేరాక గిట్ వాడటం మొదలుపెట్టా. కానీ నాకు వచ్చింది నాలుగు కమాండ్సే: యాడ్, కమిట్, పుల్, పుష్. ఎర్రర్ వస్తే సెర్చ్ చేసి, దొరికిన జవాబు కాపీ పేస్ట్ చేసేవాణ్ణి.

ఒక గురువారం రాత్రి. నేనూ, మా టీమ్‌లో కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఒకే బ్రాంచ్ మీద పని చేస్తున్నాం. సోమవారం క్లయింట్‌కి డెమో. నేను మెయిన్ బ్రాంచ్ మీదకి రీబేస్ చేసి పుష్ కొట్టా. రిజెక్టెడ్ అని వచ్చింది. అప్పటికే పదిన్నర. సెర్చ్ చేస్తే "ఫోర్స్ పెట్టు" అన్న జవాబు దొరికింది. పెట్టేశా. పుష్ అయిపోయింది. హాయిగా పడుకున్నా.

ఆ మూడు రోజుల్లో తను పుష్ చేసిన 11 కమిట్స్ నా లాప్‌టాప్‌లో లేవు. నేను తెచ్చుకోలేదు. ఫోర్స్ అంటే "సర్వర్‌లో ఏమున్నా సరే, నా దగ్గర ఉన్నదే కరెక్ట్" అని చెప్పడం. రిజెక్టెడ్ అన్న మెసేజ్ నిజానికి నన్ను కాపాడటానికే వచ్చింది. నేను దాన్ని అడ్డం అనుకున్నా.

శుక్రవారం ఉదయం తనకి పుల్ చేస్తే ఏవేవో ఎర్రర్స్ వచ్చాయి. ఎవరో రీసెట్ హార్డ్ కొట్టమన్నారట, కొట్టింది. నా దగ్గరికి వచ్చి, "అన్నా, నా కమిట్స్ ఏవీ కనపడట్లేదు. నేనే ఏదో తప్పు చేసినట్టున్నా" అంది. అప్పటికి తను ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. ముఖంలో భయం తెలుస్తోంది. హిస్టరీ చూడగానే నాకు అర్థమైంది. ఒక్క క్షణం ఏం మాట్లాడాలో తెలియలేదు. "నీ తప్పేం లేదు, నేనే చేశా" అని చెప్పి, ముందు లీడ్ దగ్గరికి వెళ్లి అదే చెప్పా. ఆయన తిట్టలేదు. "ముందు రీఫ్లాగ్ చూడండి" అన్నారు.

లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లైనక్స్ కెర్నల్ కోసం గిట్ తయారుచేసినప్పుడు, ప్రతి కంప్యూటర్‌లోనూ హిస్టరీ మొత్తం ఉండేలా చేశాడు. మమ్మల్ని కాపాడింది అదే. మేం చేసింది ఇదీ:

• తన లాప్‌టాప్‌లో గిట్ రీఫ్లాగ్ కొట్టాం. బ్రాంచ్ ఎప్పుడు ఎక్కడికి కదిలిందో వరసగా చూపిస్తుంది.
• రీసెట్ చేసిన లైన్‌కి సరిగ్గా కింద లైన్‌లో పాత కమిట్ కోడ్ ఉంది.
• గిట్ బ్రాంచ్, దాని పక్కన ఒక కొత్త పేరు, ఆ కోడ్ కొట్టగానే 11 కమిట్స్ వెనక్కి వచ్చాయి.
• వాటిని చెర్రీ పిక్‌తో ఒక్కొక్కటిగా కొత్త బ్రాంచ్ మీద పెట్టాం.

అన్నీ రాలేదు. గురువారం సాయంత్రం సగం రాసి కమిట్ చేయకుండా వదిలిన పేమెంట్ స్క్రీన్ రీసెట్ హార్డ్‌తో పోయింది. కమిట్ చేయని దాన్ని రీఫ్లాగ్ తీసుకురాలేదు. శనివారం ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం. డెమో అయితే సోమవారమే జరిగింది.

4. ఇప్పుడు నేను పాటిస్తున్నవి

• పుష్ రిజెక్ట్ అయితే ముందు గిట్ ఫెచ్ చేసి, సర్వర్‌లో కొత్తగా ఏమున్నాయో చూస్తా.
• ఫోర్స్ తప్పదంటే ఫోర్స్ విత్ లీజ్ వాడతా. నేను చివరిసారి చూశాక సర్వర్‌లో ఎవరైనా పుష్ చేసి ఉంటే ఇది ఆగిపోతుంది. కానీ మీ ఎడిటర్ వెనకాల ఆటోమేటిక్‌గా ఫెచ్ చేస్తుంటే ఈ రక్షణ పనిచేయకపోవచ్చు, ఆ సెట్టింగ్ చూసుకోండి.
• ఇద్దరు పనిచేసే బ్రాంచ్‌ని చెప్పకుండా రీబేస్ చేయను. మెయిన్ బ్రాంచ్‌కి ఫోర్స్ పుష్ అసలు జరగకుండా సర్వర్‌లోనే ప్రొటెక్షన్ పెట్టించాం.
• సాయంత్రం లేచే ముందు సగం పని అయినా సరే, నా బ్రాంచ్‌లో కమిట్ చేసి పుష్ చేస్తా.
• రీసెట్ హార్డ్ ముందు గిట్ స్టేటస్ కచ్చితంగా చూస్తా.
• రీఫ్లాగ్ శాశ్వతం కాదు. ఇలా ఏ బ్రాంచ్‌లోనూ లేని కమిట్స్ ఎంట్రీలు మామూలు సెట్టింగ్స్‌లో 30 రోజుల తర్వాత తీసేస్తారు. పోయిందని తెలిసిన రోజే వెతకాలి.
• పాస్‌వర్డ్ కానీ ఏపీఐ కీ కానీ పొరపాటున పుష్ అయితే ఫైల్ డిలీట్ చేస్తే సరిపోదు, హిస్టరీలో ఉండిపోతుంది. ముందు ఆ కీ మార్చేయాలి.

చివరిగా ఒక మాట. ఈ కమాండ్స్ అన్నీ ఒక సాయంత్రంలో నేర్చుకోవచ్చు. ఒక ఖాళీ ఫోల్డర్‌లో టెస్ట్ రిపో పెట్టి, కావాలని కమిట్స్ పోగొట్టి, రీఫ్లాగ్‌తో వెనక్కి తెచ్చి చూడండి. అసలు రిపోలో అవసరం పడినప్పుడు చెయ్యి వణకదు. ఇంకోటి, తప్పు మీదైతే వెంటనే చెప్పేయండి. ఆ రోజు నేను గంటసేపు దాచి ఉంటే, తను ఆ గంటంతా తన తప్పే అనుకుంటూ కూర్చునేది.