ప్రాజెక్టు రద్దయ్యాక ఏం చేయాలి?

1969 జూన్ 10న అమెరికా రక్షణ శాఖ తన అంతరిక్ష కేంద్రం పథకం ఎంఓఎల్‌ను రద్దు చేసింది. ఇద్దరేసి మనుషులు నెల రోజులు కక్ష్యలో ఉండి, పెద్ద కెమెరాతో సోవియట్ స్థావరాలను ఫొటోలు తీయాలన్నది ఆలోచన. శిక్షణలో ఉన్న 14 మంది ఆ కేంద్రంలో అడుగు పెట్టకుండానే మిగిలిపోయారు. అది ఎగిరి ఉంటే అంతరిక్ష చరిత్ర ఇంకోలా ఉండేదేమో. ఉద్యోగం చేసుకునే మనకు మాత్రం ఆ 14 మంది తరవాత ఏం చేశారన్నదే ముఖ్యం.

కారణం తెలుసుకోండి. ‘ఆగకపోయి ఉంటే’ అని కుమిలిపోకుండా, ఎందుకు ఆగిందో అడగండి. ఎంఓఎల్‌ను దెబ్బతీసినవి వియత్నాం యుద్ధ ఖర్చు, మనిషి లేకుండానే ఫొటోలు తీసే ఉపగ్రహాలు. మీ పనినీ యంత్రమే అందుకుంటోందంటే అదే తరహా ప్రాజెక్టు మళ్లీ వెతుక్కోకండి. కొత్త పని నేర్చుకోండి.

నేర్పును విడిగా రాసుకోండి. ఎంఓఎల్ నిఘా పత్రాలు చాలావరకు 2015 దాకా రహస్యంగానే ఉన్నాయి. మీకూ క్లయింట్ వివరాలు బయటపెట్టే హక్కు లేకపోవచ్చు. రెజ్యూమెలో ప్రాజెక్టు పేరు కన్నా మీరు ఏ సమస్యను ఎలా పరిష్కరించారో రాయండి.

చిన్న పనికి వెనకాడకండి. 36 ఏళ్లు నిండని ఏడుగురిని నాసా తీసుకుంది కానీ వెంటనే అంతరిక్షయానం దక్కలేదు. 1972లో వారిలో క్రిపెన్, బాబ్కో నాసా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ కోసం మరో సహచరుడితో కలిసి 56 రోజులు నేల మీది మూసిన గదిలో ఉండే పరీక్షలకు ఒప్పుకున్నారు. క్రిపెన్ అంతరిక్ష నౌక షటిల్ కంప్యూటర్ల పనీ నేర్చుకున్నారు. 1981 ఏప్రిల్ 12న జాన్ యంగ్‌తో కలిసి అంతరిక్షానికి వెళ్లిన తొలి షటిల్ కొలంబియాను నడిపింది ఆయనే.

ఎదురుచూపుకు గడువు పెట్టుకోండి. ఆ ఏడుగురికి సైన్యం జీతం ఆగలేదు కాబట్టి ఏళ్ల తరబడి ఆగగలిగారు. మీ పొదుపు ఎన్ని నెలలకు సరిపోతుందో ముందే లెక్క వేసుకోండి. వేరే దారీ చిన్నదేం కాదు. ఆ 14 మందిలో నాసాకు వెళ్లని హెరెస్ వైమానిక దళంలోనే ఎదిగి, 1987లో అమెరికా త్రివిధ దళాధిపతుల కమిటీకి తొలి ఉపాధ్యక్షుడయ్యారు.

మీ ప్రాజెక్టు ఆగిపోతే ఆ వారంలోనే నేర్పుల జాబితా రాయండి. పక్క విభాగంలో ఒక్కరితోనైనా మాట్లాడండి.