తుంగనాథ్, చంద్రశిల: శిఖరం ముందు వెనక్కి తిరిగినప్పుడు తెలిసిన పాఠం

పంచ కేదారాల వీడియో చూసి చాలామంది ఒకటే ప్రశ్న అడిగారు: "కేదార్‌నాథ్ అంత దూరం నడవలేం, సెలవులు కూడా తక్కువే. చిన్న ట్రెక్‌లో హిమాలయ దర్శనం అయ్యే చోటు ఏదైనా ఉందా?" ఉంది. అదే తుంగనాథ్. అక్కడి నుంచి ఇంకాస్త పైకెక్కితే చంద్రశిల. ఈ రోజు ఆ దారి గురించి, దాని చుట్టూ ఉన్న కథల గురించి, అక్కడ నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పుకుందాం. తప్పు ఎందుకు చెప్తున్నానంటే, మీరు అది చేయకూడదని.

మాది మద్నూర్. ఇప్పుడు కామారెడ్డి జిల్లా, 2016 దాకా నిజామాబాద్ జిల్లా. మూడు రాష్ట్రాలు కలిసే మూల మాది. సలాబత్‌పూర్ దాటితే మహారాష్ట్ర, ఇటు తిరిగితే కర్ణాటక. ఉద్యోగం హైదరాబాద్‌లో. దసరా తర్వాత బాపుని తీసుకుని బయల్దేరాను. దెగ్లూర్ మీదుగా నాందేడ్ వెళ్లి, అక్కడ సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ, ఆపైన రిషికేశ్. బాపు సంచిలో చిన్న సీసాలో మంజీర నీళ్లు ఉన్నాయి. "అక్కడికెళ్లి అందరు గంగ తెచ్చుకుంటరు. మనం ఉత్త చేతులతోని పోతే ఎట్ల?" అన్నాడు.

మన దగ్గర మొదలై అక్కడ ఆగే భీముడి కథ

మా పక్కనే ఉన్న బోధన్‌ని పెద్దవాళ్లు ఏకచక్రపురం అంటారు. భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడే అని స్థానిక నమ్మకం. అదే భీముడు గఢ్వాల్ కథల్లో మళ్లీ కనిపిస్తాడు, ఈసారి వేరే బాధతో.

కురుక్షేత్రం అయిపోయింది. గెలిచారు, కానీ సొంత వాళ్లని చంపిన పాపం మోస్తున్నారు. శివుణ్ణి చూసి ఆ భారం దించుకోవాలని పాండవులు వెతుక్కుంటూ వచ్చారు. శివుడికేమో వాళ్లకి దర్శనం ఇవ్వడం ఇష్టం లేదు. ఎద్దు రూపంలో మందలో కలిసిపోయాడు. భీముడు గుర్తుపట్టి పట్టుకోబోతే భూమిలోకి దిగిపోయాడు. మళ్లీ ఐదు చోట్ల ఐదు భాగాలుగా కనిపించాడు. అవే పంచ కేదారాలు:

- కేదార్‌నాథ్: మూపురం
- తుంగనాథ్: బాహువులు
- రుద్రనాథ్: ముఖం
- మధ్యమహేశ్వర్: నాభి
- కల్పేశ్వర్: జటాజూటం

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఇది గెలిచినవాళ్ల యాత్ర. ఓడినవాళ్లది కాదు. రాజ్యం చేతిలో ఉండి కూడా మనసు నిమ్మళంగా లేనివాళ్లు కొండలెక్కారు. ప్రమోషన్ వచ్చాక కూడా నిద్ర పట్టని మన కాలం వాళ్లకి ఈ కథ బాగా అర్థమవుతుంది కదా!

దారిలో చూడాల్సినవి

రిషికేశ్ నుంచి చోప్తా సుమారు 200 కిలోమీటర్లు. కొండ దారి కాబట్టి ఒక పగలంతా పడుతుంది. కానీ ఆ దారే ఒక పాఠం.

దేవప్రయాగలో భాగీరథి, అలకనంద కలుస్తాయి. గంగ అనే పేరు అక్కడి నుంచే. ఇంకా పైకి వెళ్తే శ్రీనగర్ దాటాక ధారీ దేవి గుడి, తర్వాత రుద్రప్రయాగ. అక్కడ అలకనందలో మందాకిని కలుస్తుంది. బాపు రెండు నదుల రంగు చూసి, "మన కందకుర్తి లెక్కనే ఉన్నది" అన్నాడు. మా మంజీర గోదావరిలో కలిసేది కందకుర్తిలోనే మరి.

ఆ తర్వాత ఊఖీమఠ్. ఇక్కడ కనీసం ఒక పూట ఆగండి. ఓంకారేశ్వర ఆలయం ఉంది. చలికాలంలో కేదార్‌నాథ్, మధ్యమహేశ్వర్ స్వాముల పూజలు ఇక్కడే జరుగుతాయి. ఊరి పేరు బాణాసురుడి కూతురు ఉష మీదుగా వచ్చిందని చెప్తారు. ఉషా అనిరుద్ధుల పెళ్లి ఇక్కడే జరిగిందని నమ్మకం. ఉషా పరిణయం కథ వినని తెలుగు ఇల్లు ఉండదు. ఆ పేరు అక్కడ వినపడితే సొంతూరు వచ్చినట్టే అనిపిస్తుంది.

మా ప్రాంతం వాళ్లకి ఇంకో బంధం కూడా ఉంది. కేదార్‌నాథ్ రావల్, అంటే ప్రధాన గురువు, దక్షిణాది వీరశైవ సంప్రదాయం నుంచి వస్తారు. 2020లో లాక్‌డౌన్ పడినప్పుడు అప్పటి రావల్ గారు నాందేడ్‌లో ఉన్నారు. గుడి తలుపులు తెరిచే సమయం దగ్గరపడితే నాందేడ్ నుంచి రోడ్డు మార్గంలోనే ఊఖీమఠ్ చేరుకున్నారు. ఏప్రిల్ 29న కేదార్‌నాథ్ తలుపులు తెరుచుకున్నాయి. మేం రైలెక్కిన ఊరే! అయితే తుంగనాథ్ సంగతి వేరు. అక్కడి పూజారులు స్థానికులే, కింద ఉన్న మక్కూ గ్రామం వాళ్లు. మంచు పడే నెలల్లో తుంగనాథ్ ఉత్సవమూర్తి ఉండేది కూడా ఆ మక్కూమఠ్‌లోనే.

దేవరియా తాల్: 'ఆగు' అన్న గొంతు

మొదటి రోజు మేం సారీ గ్రామం నుంచి దేవరియా తాల్‌కి నడిచాం. రెండున్నర కిలోమీటర్ల దాకా ఉంటుంది. సుమారు 2,400 మీటర్ల ఎత్తులో చిన్న సరస్సు. గాలి లేని పొద్దున 7,138 మీటర్ల చౌఖంబా శిఖరాలు ఆ నీళ్లలో తలకిందులుగా కనిపిస్తాయి.

యక్షుడు ధర్మరాజుని ప్రశ్నలు అడిగిన సరస్సు ఇదే అని అక్కడివాళ్లు చెప్తారు. మహాభారతంలో ఈ ఘట్టం ద్వైతవనంలో, అరణ్యపర్వం చివర వస్తుంది. తెలుగులో ఆ భాగం ఎర్రన రాసింది. స్థలం ఏదైనా కథ ఒకటే. దాహంతో నకులుడు వచ్చాడు. "ముందు నా ప్రశ్నలకి జవాబు చెప్పు, తర్వాత తాగు" అని ఒక గొంతు వినిపించింది. లెక్క చేయలేదు, తాగాడు, పడిపోయాడు. తర్వాత సహదేవుడు, అర్జునుడు, భీముడు. అందరూ వీరులే. అందరూ ఆ గొంతు విన్నవాళ్లే. ఒక్కరూ ఆగలేదు. ధర్మరాజు ఒక్కడే ఆగాడు. తనకి దాహం లేక కాదు. ఆ గొంతుకి గౌరవం ఇచ్చాడు, అంతే.

ఆ సాయంత్రం గడ్డిలో కూర్చుని ఈ కథ నేనే బాపుకి చెప్పాను. ఫోన్‌లో వీడియో కూడా తీసుకున్నాను. మరుసటి రోజు ఏం చేశానో ఇప్పుడు చూడండి.

తుంగనాథ్ దాకా

చోప్తా ఎత్తు సుమారు 2,680 మీటర్లు, తుంగనాథ్ సుమారు 3,680. అంటే మూడున్నర కిలోమీటర్ల నడకలో వెయ్యి మీటర్లు ఎక్కుతాం. రాళ్లు పరిచిన దారి, తప్పిపోయే భయం లేదు. మొదట్లో బురాన్ష్ చెట్లు. వసంతంలో వస్తే ఎర్రటి పూలతో నిండి ఉంటాయి. ఉత్తరాఖండ్ రాష్ట్ర వృక్షం అదే. తర్వాత చెట్లు ఆగిపోయి పచ్చిక మైదానాలు మొదలవుతాయి. అదృష్టం ఉంటే మోనాల్ పక్షి కనిపిస్తుంది. ఇదంతా కేదార్‌నాథ్ వన్యప్రాణి అభయారణ్యం పరిసరం. కస్తూరి జింకలు బతికే అడవి. కాబట్టి స్పీకర్లు పెట్టుకుని నడవడం మన భక్తికీ మంచిది కాదు, వాటికీ మంచిది కాదు.

నేను రోజూ జిమ్‌కి వెళ్లేవాణ్ణి. బాపు పొలం పనిచేసే మనిషి, అరవైకి దగ్గర. నేను గబగబా ఎక్కి మలుపు మలుపుకీ ఆగి ఎదురుచూస్తున్నాను. ఆయన ఒకే లయలో, నాగలి వెనక నడిచినట్టు, నడుస్తూ వచ్చాడు. "ఉరుకకు బిడ్డా. గుడి ఎటు పోతది?" అన్నాడు రెండుసార్లు. నేను నవ్వి ఊరుకున్నాను.

గుడి చిన్నది. బూడిద రంగు రాళ్లతో కట్టింది. కానీ ఆ ఎత్తులో, ఆ నిశ్శబ్దంలో చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. బాపు మంజీర సీసా పూజారి చేతికి ఇచ్చి ఎక్కడి నీళ్లో వచ్చీరాని హిందీలో చెప్పాడు. ఆయన రెండు చేతులతో అందుకున్నారు. ఆ తర్వాత బాపు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇంకో మాట. ఆ రాళ్లు శాశ్వతం అనుకోకండి. ప్రధాన ఆలయం 5, 6 డిగ్రీలు, చుట్టూ ఉన్న చిన్న కట్టడాలు 10 డిగ్రీల దాకా ఒరిగాయని భారత పురావస్తు శాఖ గుర్తించినట్టు 2023లో వార్తలొచ్చాయి. అక్కడ గోడలెక్కి ఫోటోలు దిగేవాళ్లని చూస్తే ఈ సంగతి గుర్తొచ్చి బాధేసింది.

చంద్రశిల: నేను వినని గొంతు

గుడి నుంచి చంద్రశిల ఇంకో కిలోమీటరున్నర. ఎత్తు సుమారు 4,000 మీటర్లు. రావణ వధ తర్వాత రాముడు అక్కడ తపస్సు చేశాడని ఒక కథ, చంద్రుడు తపస్సు చేశాడని ఇంకో కథ. పైనుంచి నందాదేవి, త్రిశూల్, చౌఖంబా వరుసగా కనిపిస్తాయి.

నిజం చెప్పాలంటే నాకు తుంగనాథ్ దగ్గరికి వచ్చేసరికే తలనొప్పి మొదలైంది. బాపుకి చెప్పలేదు. శిఖరం మీద తీసే వీడియోకి మాటలు కూడా ముందే రాసుకున్నాను మరి. పైకి బయల్దేరిన అరగంటకి కళ్లు తిరిగాయి. రాయి పక్కన కూర్చుని వాంతి చేసుకున్నాను. "పది నిమిషాలాగితే తగ్గుద్ది బాపూ, ఇంకెంత, కనిపిస్తనే ఉన్నది" అన్నాను.

బాపు నా ముఖం చూసి, "నిన్న ఏం కథ చెప్పినవ్ నాకు?" అన్నాడు.

నేనేం మాట్లాడలేదు.

"నీ ఒళ్లు ఆగుమంటున్నది. ఇనవడ్తలేదా? లే, కిందికి పోదాం."

కోపం వచ్చింది. దిగుతున్నంతసేపూ ముభావంగానే ఉన్నాను. చోప్తా చేరి వేడి నీళ్లు తాగి పడుకున్నాక సాయంత్రానికి తలనొప్పి పోయింది. కోపం కూడా పోయింది. సిగ్గు మాత్రం మిగిలింది. కథ చెప్పడం వేరు, కథ వినడం వేరు అని అప్పుడు అర్థమైంది.

అసలు ఏం జరిగింది?

హైదరాబాద్ ఎత్తు సుమారు 540 మీటర్లు. 3,700 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతుల కన్నా కొంచెం తక్కువే. ప్రతి శ్వాసలో అందే ప్రాణవాయువు తగ్గుతుంది. శరీరం దానికి అలవాటు పడటానికి టైం కావాలి. వయసు, కండలు చూసి ఎత్తు జబ్బు రాదు. తొందరగా ఎక్కినవాళ్లకి ఎక్కువ వస్తుంది. అందుకే ఇవి గుర్తుపెట్టుకోండి:

- ఎక్కే ముందు ఊఖీమఠ్, సారీ లేదా చోప్తాలో కనీసం ఒకటి రెండు రాత్రులు ఉండండి.
- మాట్లాడుతూ నడవగలిగేంత నెమ్మదిగా నడవండి. నీళ్లు తాగుతూ ఉండండి.
- తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే దాచకండి. పక్కవాళ్లకి చెప్పండి, ఇంక పైకి వెళ్లకండి. తగ్గకపోతే కిందికి దిగండి.
- నడక తడబడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, మాట తేడాగా ఉన్నా అది ప్రమాదం. వెంటనే దించి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.
- గుండె, ఊపిరితిత్తుల సమస్యలుంటే బయల్దేరే ముందే డాక్టర్‌ని అడగండి.
- మే, జూన్, మళ్లీ సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ మంచి కాలం. వానాకాలంలో కొండచరియలు విరిగిపడతాయి. చలికాలంలో మంచులో ట్రెక్ చేసేవాళ్లున్నారు కానీ గుడి తలుపులు మూసి ఉంటాయి.
- తీసుకెళ్లిన ప్రతి ప్లాస్టిక్ ముక్కా వెనక్కి తెచ్చుకోండి.

"మరి మనవాళ్లు ఎవరెస్టే ఎక్కారు కదా" అంటారేమో. అవును, మా పాత నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. కానీ భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి నెలల తరబడి శిక్షణ తీసుకుని ఎక్కింది. ఆమెని చూసి ధైర్యం ఒక్కటే కాదు, ఆ ఓపిక కూడా నేర్చుకోవాలి.

పాఠం

తుంగనాథ్ ఉన్న గట్టు మందాకినికీ అలకనందకీ మధ్య నీటి సరిహద్దు. దానికి ఒక పక్క పడ్డ చినుకు మందాకినిలోకి, ఇంకో పక్క పడ్డది అలకనందలోకి వెళ్తుంది. రుద్రప్రయాగ దగ్గర రెండూ కలుస్తాయి. శిఖరం దాకా వెళ్లినవాళ్లూ, గుడి దగ్గరే ఆగినవాళ్లూ చివరికి అలాగే ఒకే చోటికి చేరతారని నాకు అనిపించింది. దర్శనానికి వెళ్లాం, దర్శనం అయింది. మిగిలిన కిలోమీటరు నా అహంకారానిది.

ఈ వారం కాసేపు కూర్చుని ఈ మూడు ప్రశ్నలు ఆలోచించండి:

1. నలుగురు తమ్ముళ్లూ విని కూడా ఎందుకు ఆగలేదు? మీరు విని కూడా ఆగని గొంతు ఏది?
2. మీరు వెళ్లిన చివరి యాత్రలో దర్శనం కోసం ఎంత సేపు, ఫోటో కోసం ఎంత సేపు?
3. మీ ఊరి నది నీళ్లు ఒక సీసాలో తీసుకెళ్లాలంటే ఎవరిని వెంట తీసుకెళ్తారు?

మూడో ప్రశ్నకి జవాబు తట్టగానే వాళ్లకి ఫోన్ చేయండి. వాళ్ల మోకాళ్లు బాగున్నప్పుడే బయల్దేరండి. చంద్రశిల ఎక్కడికీ పోదు.

హర హర మహాదేవ!