పిల్లల్లో స్థూలకాయం – కొరియా నేర్పే పాఠం



"మా బాబు బొద్దుగా ఉంటాడు సిస్టర్, వాడి ఆరోగ్యానికి ఏ లోటూ లేదు" అని మీలో చాలామంది సంతోషంగా చెబుతుంటారు. కానీ లావుగా ఉండటం ఆరోగ్యానికి గుర్తు కాదు. ఈ సంగతి అర్థం కావడానికి దక్షిణ కొరియాలో ఏమి జరిగిందో తెలుసుకుందాం.

పదేళ్లలో రెట్టింపు

కొరియావారిదీ మనలాగే అన్నం తినే ఇల్లు. అన్నంతోపాటు ఆకుకూరలు, సూప్, కిమ్చి అనే పులియబెట్టిన క్యాబేజీ వారి పాతకాలపు భోజనం. అటువంటి దేశంలో 2012లో పిల్లల్లోను, కౌమార వయసువారిలోను 9.7 శాతం మందికి స్థూలకాయం ఉంది. 2021 నాటికి అది 19.3 శాతానికి పెరిగింది. ఆ సంవత్సరం మగపిల్లల్లో 25.9 శాతం, ఆడపిల్లల్లో 12.3 శాతం మంది స్థూలకాయులే.

కారణాలు ఏమిటి?

అక్కడ పిల్లలు బడి అయ్యాక 'హగ్వన్' అనే ట్యూషన్ కేంద్రాలకు వెళతారు. వాటిని రాత్రి 10 గంటలకు మూసివేయాలని సియోల్ నగరంలో నిబంధన పెట్టవలసి వచ్చిందంటే చదువు ఒత్తిడి ఎంతో మీరే ఊహించండి. రెండు క్లాసుల మధ్య నూడుల్స్, తీపి పానీయాలతో కడుపు నింపుకుంటారు. ఆటకు సమయం లేదు, నిద్ర చాలదు. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది. 2020లో కోవిడ్ వల్ల పాఠాలు ఆన్‌లైన్‌లోకి మారడంతో పిల్లల కదలిక ఇంకా తగ్గింది.

ప్రభుత్వం ఊరుకోలేదు. 2008లో పిల్లల ఆహారం కోసం ప్రత్యేక చట్టం చేసింది. బడి చుట్టూ 200 మీటర్ల వరకు దుకాణాలపై నిఘా పెట్టింది. అయినా సంఖ్య పెరిగింది. చట్టం దుకాణాన్ని అదుపు చేయగలదు గాని, పిల్లవాడి రోజంతటినీ మార్చలేదు. ఆ పని ఇంట్లోనే జరగాలి.

మనం ఏమి చేయాలి?

1. పిల్లవాడిని నిందించవద్దు, "లావోడా" అని ఎగతాళి చేయవద్దు. అతని రోజును ఏర్పాటు చేసింది పెద్దలమైన మనమే.

2. రోజుకు ఒక గంట ఆడనివ్వండి. పరీక్షల కాలంలో కూడా ఆట మాన్పించవద్దు.

3. దాహానికి మంచినీళ్లు ఇవ్వండి. కూల్ డ్రింకులు ఇంట్లో నిలువ ఉంచవద్దు.

4. బడి ఈడు పిల్లలకు కనీసం 9 గంటలు, కౌమార వయసువారికి కనీసం 8 గంటలు నిద్ర ఉండాలి.

5. పస్తులు ఉంచవద్దు. ముఖ్యంగా ఆడపిల్లలు సన్నబడాలని భోజనం మానేస్తుంటే గమనించండి. అదీ ప్రమాదమే.

6. మెడ వెనుక చర్మం నల్లగా, మందంగా మారితే మురికి అనుకొని రుద్దవద్దు. అది మధుమేహానికి ముందు హెచ్చరిక కావచ్చు. వెంటనే డాక్టరుగారికి చూపించండి.

చిన్ననాటి స్థూలకాయం వల్ల మధుమేహం, రక్తపోటు, కాలేయంలో కొవ్వు చిన్న వయసులోనే రావచ్చు. ఈసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు మీ పిల్లలను కూడా తీసుకురండి. ఎత్తు, బరువు చూసి వయసుకు తగినట్లు ఉన్నారో లేదో చెబుతాము.

పిల్లలు దేవుడు మనకు అప్పగించిన బహుమానం. వారి చదువుతోపాటు వారి శరీరాన్ని కూడా కాపాడుకుందాం.