తీగ తెంపి చూడు

మార్కాపురం

చిట్టీ,

బోరులో నీళ్ళు తగ్గగానే మోటారు దానంతటదే ఆగే పరికరం చేస్తున్నావని రాశావు. ఉత్తరం మీ పెద్దమ్మకూ చదివి వినిపించాను. "ముందు మన బత్తాయి తోటకే పెట్టమను" అంది. ఏ సెన్సార్ కొనాలని అడిగావు. కొనడం తర్వాత చూద్దాం. మన తోటలో జరిగింది ముందు విను.

పదిహేనేళ్ళ క్రితం బోరులోకి రెండు లోహపు కడ్డీలు దింపాం. నీళ్ళుంటే వాటి మధ్య కరెంటు పారుతుంది. పారకపోతే మోటారు ఆగాలి. ఒక ఎండాకాలం నీళ్ళు అడుగంటాయి, మోటారు మాత్రం ఆగలేదు. వట్టిగా తిరిగి కాలిపోయింది. బోరు మోటారుకు చుట్టూ ఉన్న నీళ్ళే చలువ, లోపలి బేరింగులకు నీళ్ళే నూనె. పైకి లాగి చూస్తే కడ్డీల కేబుల్ అతుకులో చెమ్మ చేరి ఉంది. ఆ చెమ్మలో పారిన కరెంటును స్టార్టర్ డబ్బా బోరు నీళ్ళనుకుంది. ఆ రోజు నాకు అర్థమైంది: మనం ఏది అడిగినా, సెన్సార్ తనకు తగిలినదాన్నే చెబుతుంది. మన ప్రశ్నకూ దాని జవాబుకూ మధ్య ఎంత ఎడముందో లెక్కగట్టడమే నీ పని.

ఆ లెక్క పలక మీద మొదలుపెట్టు. మనది పలకల ఊరు. తప్పు రాస్తే తుడిచెయ్యొచ్చు. నువ్వు ఒత్తిడి కొలిచే సెన్సార్ వాడతానన్నావు. అందులో పల్చటి సిలికాన్ పొర ఉంటుంది. ఒత్తిడికి వంగితే దాని విద్యుత్ నిరోధం మారుతుంది. సిలికాన్‌లో, జెర్మేనియంలో ఈ గుణాన్ని 1954లో చార్లెస్ స్మిత్ వెల్లడించాడు. 10 మీటర్ల నీళ్ళు సుమారు 98 కిలోపాస్కల్స్ ఒత్తిడి పెడతాయి. నీ సెన్సార్ 0 నుంచి 100 మీటర్ల లోతుకు 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్లు ఇస్తుందనుకో. మీటరుకు 0.16 చొప్పున, దాని నెత్తిన 25 మీటర్ల నీళ్ళుంటే 8 రావాలి. నీళ్ళే లేకపోతే 4. తీగ తెగితే సున్నా. లెక్కను 4 దగ్గర మొదలుపెట్టడంలో ఉన్న తెలివి ఇదే: "నీళ్ళు లేవు" అన్న మాటా, "నేనే లేను" అన్న మాటా వేరువేరుగా వినిపిస్తాయి. మా కడ్డీలకు ఆ భాష రాదు.

సెన్సార్ కన్నయితే, ఇక చెయ్యి సంగతి. గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువు చూశావుగా. నీళ్ళు నిండాయని కన్ను చెప్పినా, తూము లేవకపోతే పొలానికి చుక్క చేరదు. నీ పరికరంలో ఆ తూము, మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్. దాని కాయిల్ అయస్కాంతమై పట్టీని లాగిపట్టాలి. ఓల్టేజి పడిపోతే గరగరలాడుతుంది, పాయింట్లు మాడిపోతాయి. మోటారు తీగలు విప్పేసి, వేరియాక్‌తో కాయిల్ ఓల్టేజి మెల్లగా పెంచు, తగ్గించు. ఎక్కడ పట్టుకుందో, ఎక్కడ వదిలేసిందో రాసుకో. పట్టుకునే చోటికంటే వదిలే చోటు కిందుంటుంది.

ఆ ఎడాన్ని నీ పరికరానికీ నేర్పు. 5 మీటర్ల దగ్గర ఆపితే, ఊట ఊరి 20 మీటర్లకు చేరేదాకా మళ్ళీ వెయ్యకు. రెండింటికీ ఒకే అంకె పెడితే మోటారు ఆగగానే నీళ్ళు కాస్త ఎగబాకుతాయి, మోటారు మళ్ళీ మొదలవుతుంది, మళ్ళీ ఆగుతుంది. పదేపదే స్టార్టయితే వైండింగ్ వేడెక్కి మాడుతుంది.

పరీక్షకు 6 మీటర్ల పీవీసీ గొట్టం చాలు. అడుగు మూసి నిలబెట్టి, సెన్సార్ దింపి, మీటరు మీటరుకూ నీళ్ళు పోసి రాసుకో. నిండుగా ఉన్నప్పుడు 4.96 రావాలి. నీళ్ళు తీస్తూ మళ్ళీ రాసుకో. పోసేటప్పటి అంకెలూ తీసేటప్పటి అంకెలూ కలుస్తున్నాయా చూడు. పొద్దున చేసింది మిట్టమధ్యాహ్నం ఎండలోనూ చెయ్యి. కేబుల్‌లో సన్నటి గాలిగొట్టం ఉంటుంది, దాని మూతి బిగించి చూడు. అది పూడుకుపోతే, బయటి గాలి ఒత్తిడి 10 మిల్లీబార్లు మారినా 10 సెంటీమీటర్ల నీళ్ళు మారినట్టు చూపిస్తుంది. చివరగా తీగ తెంపు. మోటారు ఆగిందా, మా మోటారులా తిరుగుతూనే ఉందా?

సంక్రాంతికి వచ్చేసరికి గొట్టం నిలబెట్టి ఉంచుతాను. కత్తెర నువ్వు తెచ్చుకో.

మీ పెదనాన్న